ముద్ర అసలుదే

నేను ఒక రబ్బరు ముద్రను. నా ఒంటి మీద రెండే వరుసలు: పైన ‘అద్దె ముట్టినది’, కింద ‘చామర్తి సోమయాజులు’. అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. కాగితం మీద పడితే తప్ప నా మాట మనుషులకు అర్థం కాదు.

నన్ను రాజమండ్రిలో చేశారు. ఇంటి యజమాని సోమయాజులుగారికి చెయ్యి వణికి సంతకం కుదరక నన్ను చేయించారు. ఆయన గుమాస్తా చలపతి సంచిలో నా కాపురం. ప్రతి ఒకటో తారీఖున ఆ ఇంట్లో అద్దెకుండే నూకరత్నం దగ్గరికి వెళ్లేవాళ్లం. ముందు గదిలో జాకెట్లు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. డబ్బిచ్చి, అద్దె పుస్తకం చాపి, నేను పడ్డ పేజీని కళ్లకద్దుకునేది. పదకొండేళ్లు అలా అద్దుకుంటే నాకు కాస్త గర్వం పట్టింది, దాచడమెందుకు.

ఆమెకు చదువు రాదు. వచ్చిన ఉత్తరాలు కుట్టుమిషను సొరుగులో దాచి, ఒకటో తారీఖున చలపతి చేత చదివించుకునేది.

సోమయాజులుగారు పోయారు. కొడుకులు ఇల్లు అమ్మేశారు. చలపతికి ఏడాది జీతం ఎగ్గొట్టి ఇక రావద్దన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. తాళాలూ దస్తావేజులూ చేతులు మారాయి గానీ, నన్ను అడిగి తీసుకోవాలని ఒక్కరికీ తోచలేదు.

ఆ ఒకటో తారీఖునా చలపతి అలవాటుగానే వెళ్లాడు.

“ఏదో ఉత్తరం వచ్చిందండి, చూత్తారా?” అంది నూకరత్నం.

ఇల్లు చేతులు మారిందనీ, ఇకనుంచి అద్దె తమ మేనేజరుకే ఇవ్వాలనీ కొత్త యజమాని రాయించాడు. చలపతి చాలాసేపు చదివాడు.

“నీటి పన్ను సంగతమ్మా. నీకేం పనిలేదులే,” అన్నాడు. తరవాత నన్ను నొక్కాడు. ఆమె మామూలుగానే కళ్లకద్దుకుంది. నాకు సిగ్గేసింది.

అలా ఐదు నెలలు గడిచాయి. ఆరో నెల మేము వెళ్లేసరికి గుమ్మంలో కొత్త మేనేజరు నిలబడి ఉన్నాడు.

“ఐదు నెల్లదీ కట్టేనండి. ఇదిగోండి ముద్దర,” అంటూ నూకరత్నం పుస్తకం తెరిచి చూపిస్తోంది.

అతను చలపతి సంచిలోంచి నన్ను తీసి, పుస్తకం అంచున నొక్కి పోల్చి చూశాడు.

“ముద్ర అసలుదేనమ్మా. ఇల్లే ఇప్పుడు వాళ్లది కాదు. ఉత్తరం పంపించాం కదా.”

ఆమె చలపతి వైపు తిరిగింది. “నీటి పన్నన్నారు కదండీ.”

“నాకు జీతం ఇవ్వలేదమ్మా,” అన్నాడు చలపతి నేల చూస్తూ.

ఐదు నెలలదీ మళ్లీ కట్టాలి, లేదా వారంలో ఖాళీ చెయ్యాలి. ఈ వీధి వదిలితే బేరాలన్నీ పోతాయని ఆమె బతిమాలింది. అతను వినలేదు. ఎనిమిదో రోజున మిషను రిక్షా ఎక్కింది. పుస్తకం మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

కొత్త మేనేజరు పొదుపరి. నన్ను తన దగ్గరే ఉంచేసుకుని, నా పాత రబ్బరు బ్లేడుతో చెక్కించేసి, అదే కట్టెపిడికి కొత్తది అతికించాడు. కింద పేరు మారింది, పై వరుస మారలేదు.

నిన్న ఒకటో తారీఖు. అదే గదిలో దిగిన కొత్తావిడ డబ్బిచ్చి, పుస్తకం చాపి, నేను పడగానే కళ్లకద్దుకుంది. వద్దు తల్లీ అని చెప్పాలనిపించింది. కానీ నాకు వచ్చింది ఒక్క మాటే: అద్దె ముట్టినది.