పెరగడం ఆగిన కాలేయం

అన్న కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. తమ్ముడిచ్చిన సగం కాలేయం పది రోజులు చక్కగా పెరిగి, నిన్నటి నుంచి చెడిపోతోంది.

“మేం రాయనిదేదో ఒంట్లోకి వెళ్లింది. అదేమిటో ఇప్పుడే తెలిస్తే విరుగుడుకి వేళ ఉంది,” అన్నాడు డాక్టర్.

వదిన భర్త మీద విరుచుకుపడింది. “మళ్లీ తాగారా? సీసా ఎక్కడ దాచారు? మీ తమ్ముడు కడుపు కోయించుకుంది ఇందుకేనా?”

అన్న కాదనలేదు. పక్క మంచం మీది తమ్ముడికేసి చూసి, చెప్పొద్దన్నట్టు తలాడించాడు.

తమ్ముడు కుట్లు అదిమిపట్టుకుని లేచాడు.

“అన్నయ్య తాగలేదు వదినా. మూలుగుతుంటే చూడలేక, నాకిచ్చిన నొప్పి మాత్రలన్నీ రోజూ తనచేత మింగించాను. మీరు వెతుకుతున్నది ఆ మాత్రలే డాక్టర్‌గారూ, మింగించింది నేనే.”