చెదలకని దాచిన ఆయిల్

అఫ్రాజ్ ఉయ్యూరు చేరి ఫోన్ చేసేదాకా గౌసియాకు టీ గొంతు దిగదు. పటమట నుంచి గంట దారి. కొడుకు ఆ గంట వ్యాన్ నడిపితే, తల్లి ఆ గంటంతా ప్రమాదాలు ఊహించుకుంటుంది. లారీ గుద్దినట్టు, టైరు పేలినట్టు, బండి బందరు కాలవలోకి ఒరిగినట్టు. రోజూ రెండు పూటలా కాలేజీ పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి అది. తన ఒక్క బిడ్డే కాదు, పధ్నాలుగు మంది తల్లుల బిడ్డలు అందులో ఉంటారు.

ఈ భయాలు చాలనట్టు మొన్న వేసవిలో ఇంజన్ ఆయిల్ ఒకటి వచ్చి చేరింది.

"ఇది సింథటిక్ అమ్మీ. పదిహేను వేల కిలోమీటర్ల దాకా మార్చే పని లేదు," అన్నాడు అఫ్రాజ్.

పక్కనే భోంచేస్తున్న తండ్రి రహ్మాన్ పెరుగు గిన్నె కింద పెట్టాడు. ఆయనదీ అదే కంపెనీ వ్యాను, అదే ఏడాది కొన్నది. చీరల బేళ్ళు తోలతాడు. "ముప్పయ్యేళ్ళ నుంచి మామూలు ఆయిలే పోస్తున్నా. ఏడున్నర వేలకల్లా మార్చేస్తా. నా ఇంజన్ ఎప్పుడైనా దగ్గిందా?"

"దగ్గలేదు అబ్బాజీ. లోపల ఎంత అరిగిందో నీకేం తెలుసు?"

"నీకు తెలుసా?"

"తెలుసుకుందాం. ఆటోనగర్‌లో ల్యాబ్ ఉంది. రెండు బండ్లలోంచీ వాడిన ఆయిల్ తీసి ఇద్దాం. అందులో ఇనుము ఎంత కలిసిందో చూసి, ఇంజన్ ఎంత అరిగిందో చెప్పేస్తారు. మనిషికి రక్తపరీక్ష లాగే అనుకో."

రక్తపరీక్ష మంచి కబురు చెప్పగా గౌసియా ఎప్పుడూ వినలేదు. అమ్మకు షుగరని చెప్పింది అదే. ఆడపడుచుకు గడ్డని చెప్పిందీ అదే. ఈ ఆయిల్ వద్దురా అని ఎన్నిసార్లు అన్నా అఫ్రాజ్ నవ్వేసేవాడు.

కొత్త ఆయిల్ మీద వ్యాన్ ఎనిమిది వేలు తిరిగాక అఫ్రాజ్‌కు జ్వరం పట్టుకుంది. వ్యాన్ నాలుగు రోజులు ఇంటి ముందే నిలిచింది. గౌసియా కొడుక్కి గంజి తాగించి, బయటికొచ్చి, వాడు రోజూ చేసినట్టే ఆయిల్ చూసే కమ్మీ పైకి లాగింది. కాటుక లాంటి నలుపు. రంజాన్ నెలంతా సమోసాలు వేయించిన మూకుట్లో కూడా ఇంత నలుపు చూడలేదు. ఆ నూనెలో మళ్ళీ ఎవరైనా సరుకు వేస్తారా? పారబోసి కొత్తది పోస్తారు గానీ.

రెండు వీధుల అవతల షెడ్డు నడిపే ఆమోసును పిలుచుకొచ్చింది.

"డీజిల్ బండి అక్కా ఇది. పోసి ఇంజన్ ఓసారి తిప్పగానే నల్లబడుద్ది. నలుపు చూసి భయపడితే ఎట్టా?" అన్నాడు ఆమోసు.

"నీ కూతురు ఈ బండెక్కి కాలేజీకి పోతుంటే ఇట్టాగే అంటావా?"

ఆమోసు తల గోక్కున్నాడు. "సరే, ఏ ఆయిల్ పొయ్యమంటావ్?"

"మా ఆయన బండికి పోసేదే పొయ్యి. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నా దాన్ని. మా వాడికి మాత్రం చెప్పమాక. మీ గుణదల మేరీమాత మీద ఒట్టెయ్యి."

"ఆయిల్‌కి కూడా మాతేనా అక్కా!" అంటూనే ఒట్టేశాడు.

తీసిన ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పట్టించి మూత బిగించింది. తలుపు చట్రానికి చెదలు పడుతున్నాయి, పూస్తే పోతాయి కదా అనుకుంది. ఇంట్లో మందు సీసా నుంచి పచ్చడి జాడీ దాకా దేనికైనా తేదీ రాసిన చీటీ అంటించడం ఆమెకు అలవాటు. మర్చిపోయి పాడైంది ఎవరైనా తింటే? ఆ అలవాటు కొద్దీ డబ్బా మీదా కాగితం అంటించి, తేదీ వేసి, సింథటిక్ పోసిన రోజు అఫ్రాజ్ సున్నా చేసిన ట్రిప్ మీటరు చూసి 8,120 అని రాసింది. బాత్రూం వెనక పెట్టేసింది. ఆ వారం టీ కాస్త గొంతు దిగింది.

రెండు నెలలు గడిచాయి. తన లెక్కలో పదిహేను వేలు నిండిన రోజు అఫ్రాజ్ రెండు వ్యాన్లలోంచీ సన్నగొట్టంతో కాస్త కాస్త ఆయిల్ లాగి, రెండు చిన్న సీసాల్లో నింపి ల్యాబ్‌లో ఇచ్చాడు. తండ్రి ఆయిల్‌కు అప్పటికి ఏడున్నర వేలు. వారానికి ల్యాబ్ నుంచి స్టెల్లా ఫోన్ చేసింది. అఫ్రాజ్ అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"రెండు సీసాలూ కవల పిల్లల్లా ఉన్నాయండీ," అంది స్టెల్లా. "ఇనుము పది లక్షల పాళ్ళకు మీ నాన్నగారి దాంట్లో నలభై రెండు, మీదాంట్లో నలభై. చిక్కదనమూ ఇంచుమించు అంతే. సింథటిక్ అయితే ఇలా రాకూడదు, అదే నాకు అర్థం కావట్లేదు. కొత్త ఆయిల్ కొంచెం తెచ్చివ్వండి, పోల్చి చూస్తాను."

చివరి మాటలు అఫ్రాజ్ చెవికెక్కలేదు. "విన్నావా అబ్బాజీ! నాది డబుల్ తిరిగింది, అరుగుదల మాత్రం నీ అంతే! ఇప్పుడు మార్చనే మార్చను. పాతిక వేల దాకా లాగిస్తా."

రహ్మాన్ గడ్డం నిమురుకున్నాడు. "ఓడిపోయాన్రా. ఈసారి నా బండికీ అదే పోయిద్దాం."

వంటింట్లో గౌసియా పొయ్యి ఆపేసింది. ఏడు వేలు తిరిగిన మామూలు ఆయిల్ ఉంది ఆ ఇంజన్‌లో. దానితో ఇంకో పదివేలు లాగుతానంటున్నాడు వీడు. ఏ భయంతో ఆయిల్ మార్పించిందో, ఆ భయాన్ని చేతులారా తనే నిజం చేసి ఇంజన్‌లో పోసింది.

చున్నీ కప్పుకుని ఆమోసు షెడ్డుకు పరుగెత్తింది. "ఇంకోసారి మార్చెయ్యి తమ్ముడూ, ఈసారి వాడి ఆయిలే పోద్దాం."

"దొంగతనంగా ఒకసారి మారిస్తేనే ఇంతయింది. మళ్ళీనా?" ఆమోసు చేతులు తుడుచుకున్నాడు. "ఇంజన్ రేపే ఏం బిగుసుకుపోదులే. కానీ ఆ ఆయిల్‌తో పాతిక వేలు లాగితే నేను పూచీ పడను. చెప్పెయ్ అక్కా. నేను చెబుదామంటే నోటికి తాళం వేయించావాయె."

మర్నాడు పొద్దున అఫ్రాజ్ వ్యాన్ తాళం కోసం ఇల్లంతా వెతికాడు. తాళం గౌసియా గుప్పిట్లో ఉంది. ఆమె వ్యాన్ ముందు నిలబడి ఉంది.

"అమ్మీ, టైమైపోతోంది. పిల్లలు స్టాపుల్లో నిలబడి ఉంటారు."

"నిలబడనీ. ఈ బండి ఎక్కనివ్వను." తాళం వెనక్కి దాచుకుంది. "అందులో నీ ఆయిల్ లేదురా."

జ్వరం రోజుల నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. వాడు అరుస్తాడనుకుంది. వాడు అరవలేదు. బంపర్ మీద తల వంచుకుని కూలబడ్డాడు. ఆమెకు అదే ఎక్కువ భయమేసింది. లోపలి నుంచి రహ్మాన్ నవ్వు మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

"అయితే ఇన్నాళ్ళూ నా ఆయిల్‌తో నా ఆయిలే పోటీ పడిందన్నమాట! ఓడించింది కూడా నన్నేనా!"

"నువ్వుండు అబ్బాజీ," అని అఫ్రాజ్ తల ఎత్తాడు. "నమ్మకం లేకపోతే నాతో అనొచ్చుగా అమ్మీ."

"అన్నానుగా. వంద సార్లు అన్నా. నువ్వు నవ్వావు."

అఫ్రాజ్ బంపర్ మీంచి లేచాడు. "నా ఆయిలేం చేశావు? పారబోశావా?" అన్నాడు.

"అయ్యో, పారబోస్తానా. చెదలకని దాచా."

డబ్బా తెచ్చి ముందు పెట్టింది. చెదల సంగతి ఆ తర్వాత ఆమె మర్చేపోయింది, మూత తీయనే లేదు. కాగితం మీద తేదీ, 8,120. చదివి వాడికి నవ్వొచ్చింది. నవ్వకూడదని అటు తిరిగాడు.

ఆ పూట పిల్లల్ని స్నేహితుడి బండి తీసుకెళ్ళింది. అఫ్రాజ్ వ్యాన్‌ను ఆమోసు షెడ్డుకు తోలి, ఈసారి అందరి ఎదుటా సింథటిక్ పోయించాడు. దాచిన ఆయిల్ సీసాకెత్తి ల్యాబ్‌కు వెళ్తుంటే గౌసియా కూడా వెంట వెళ్ళింది. ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం చూసే ఓపిక ఆమెకు లేదు.

మూడో రోజు స్టెల్లా కాగితం చేతికిచ్చింది. "ఇనుము పదమూడేనండీ. డబ్బాలోది కాబట్టి దుమ్ము కాస్త కనిపించింది, అంతే. మీ వారి బండిలో ఏడున్నర వేలకే నలభై రెండు. ఈ ఆయిల్ ఇంకా వాడుకోదగ్గదే, తీసేయకుండా ఉండాల్సింది."

"చూశావా?" అన్నాడు అఫ్రాజ్.

గౌసియా కాగితం తిప్పి వెనక కూడా చూసింది. "ఇది ఎనిమిది వేల సంగతి కదమ్మా. పది వేలకో? పదిహేనుకో?"

"అది నేను చెప్పలేనండీ," అంది స్టెల్లా. "ఎక్కడిదాకా తిరిగిన ఆయిల్ తెస్తే అక్కడిదాకే చెప్పగలను. అయిదు వేలకోసారి తెచ్చివ్వండి. అంకెలు పెరుగుతుంటే అప్పుడు మార్చొచ్చు."

"మీ అమ్మే కరెక్టుగా అడిగిందిరా," అన్నాడు రహ్మాన్ సాయంత్రం అది విని.

అయిదు వేలు నిండిన రోజు అఫ్రాజ్ సన్నగొట్టమూ ఖాళీ సీసా తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. "నువ్వే తీయి. నీ చేత్తో తీస్తే నీకు నమ్మకం."

వాడు బానెట్ ఎత్తి పట్టుకున్నాడు. వేడికి మొహం పక్కకు తిప్పుకుని ఆమె ఆయిల్ లాగింది. కాటుక నలుపే. ఒక్క చుక్క కింద పడలేదు. సీసా మీద చీటీ అంటించి తేదీ వేసింది, కిలోమీటర్లు రాసింది. మూత బిగించింది. ల్యాబ్‌కు ఇచ్చే ముందు ఇంకోసారి బిగించింది.