యాది చేసేవాళ్ల మీద ఆగే డ్రోన్

సంగీత పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీదికి వచ్చి, డ్రోన్ రెక్కలు మెత్తటి గుడ్డతో తుడిచి, బ్యాటరీ పెట్టేది. చెరువు చూడ్డానికి వచ్చినవాళ్లు టికెట్ కొని, పెద్ద కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే డ్రోన్ లేపేది. కూర్చున్నచోటి నుంచే వాళ్లకు సిద్దిపేటంతా పైనుంచి కనబడేది: వేలాడే వంతెన, పడవలు, బస్టాండు, డాబాల మీద ఎండే మిరపకాయలు.

చెరువు చుట్టూ తిరిగాక డ్రోన్ ఇక సంగీత మాట వినేది కాదు. కుర్చీలో ఉన్నవాళ్లను ఊళ్లో ఎవరు యాది చేసుకుంటుంటే, వాళ్ల నెత్తి మీదికి పోయి ఆగేది. ఒకసారి కిరాణా షాపు ఓంప్రకాశ్ కూర్చుంటే, అది నేరుగా పోయి ఆయన ఇంటి వెనక కట్టేసిన బర్రె మీద ఆగింది.

"అయ్యో, పొద్దుగాల దాన వెట్టుడు మర్చిన!" అని ఆయన కళ్లద్దాలు తీసి ఇంటికి ఉరికాడు.

సంగీత మాత్రం ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. రెండేళ్ల కింద ఆమె భర్త నరేందర్ బండి మీద ఇంటికి వస్తూ ప్రమాదంలో పోయాడు. "నువ్వు ఫోన్ జేసి తొందరవెట్టకపోతే నా కొడుకు బతికెటోడు" అన్నది అత్త విమలమ్మ. ఆ మాట పడలేక సంగీత కట్టుబట్టలతో బయటికి వచ్చి, కిరాయి గదిలో ఉంటోంది. అత్త ఇల్లు చెరువుకు అవతలే. ఆ సందులోకి మళ్లీ అడుగు పెట్టలేదు. డ్రోన్ తన కోసం ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చేస్తే ఎట్లా అని ఆమె భయం.

సంగీతకు హైదరాబాద్‌లో మంచి పని దొరికింది. ఇక్కడ ఆఖరి రోజు సాయంత్రం, ఆమె బదులు పనిలో చేరిన జయరాజ్ రిమోట్ అందుకుని, "అక్కా, పొయ్యేముందు ఒక్కసారి నువ్వు కూసో" అన్నాడు.

"నన్నెవరు యాది చేస్తరు? బ్యాటరీ దండుగ."

"దండుగైతే కానియ్. కూసో."

డ్రోన్ లేచింది. చెరువు నడుమ ఎటూ పోకుండా కాసేపు తచ్చాడింది. అంతలో అది అవతలి గట్టు దాటి, ఇళ్ల మీదుగా పోయి ఒక డాబా మీద ఆగింది.

విమలమ్మ ఆరిన బట్టలు తీస్తోంది. అందులో సంగీత వదిలేసి వచ్చిన నీలం చీర ఉంది. కట్టేవాళ్లు లేకపోయినా ఉతికి ఆరేసింది. ఊరంతటికీ తెలిసిన ఆ డ్రోన్ చప్పుడు తల మీద వినగానే, దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా కొంగు తీసి, పైకి చూసి ఏదో అన్నది.

సంగీత కళ్లద్దాలు తీసేసింది. "ఏదో అన్నది జయరాజ్. వినబడలే. పోయి అడుగుత."

అత్త ఇంటి ముందు ఆటో దిగేసరికి తలుపు తెరిచే ఉంది.

"ఏమన్నవ్ అత్తమ్మా?"

"ఇంట్లకు రా అన్న. గాలిల నిలవడి సూసుడేంది?" విమలమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "ఆ దినం అన్న మాట నన్ను పండుకోనిస్తలేదు బిడ్డా."

"నేను ఫోన్ జేసింది నిజమే గదా."

"మొగన్ని ఇంటికి జల్ది రమ్మనుడు తప్పెట్లయితది?"

ఇద్దరూ గడప మీదే కూలబడి ఏడ్చారు. నరేందర్ పోయిన నాడు విడివిడిగా ఏడ్చినవాళ్లు, కలిసి ఏడ్వడం అదే మొదలు.

"రేపు పట్నం పోతున్న అత్తమ్మా. గాడనే పని."

విమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇల్లు జూసినవా?"

"ఒక్కటే గది."

"ఇద్దరం పట్టమా?"

మరునాడు సిద్దిపేట బస్టాండులో హైదరాబాద్ బస్సు కదిలేదాకా, కిటికీ పక్క సీట్లో నువ్వు కూసో అంటే నువ్వు కూసో అని అత్తాకోడళ్లు బతిమాలుకుంటూనే ఉన్నారు.