మరియమ్మ ఎంచిన బండి

ఆదోని పత్తి మార్కెట్ వెనక, పాత బండ్లు అమ్మే జిలాని బాషా షెడ్డు ముందు రెండు మోటారు సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి పెద్దది, సైన్యం వేలంలో వచ్చింది. రెండోది దాని పక్కన దూడలా ఉంది. జయన్న పెద్దదాని దగ్గరికే నడిచాడు. యుద్ధకాలంలో బర్మాలో అలాంటి బండి మీదే ఉత్తరువులు మోసినవాడు. కిక్కు కొట్టాడు. ఆ చప్పుడుకి మార్కెట్లో ఎద్దులు తలలెత్తాయి.

"బండంటే ఇదీ," అన్నాడు భార్యతో.

మరియమ్మ ఎమ్మిగనూరు మిషను ఆసుపత్రిలో కాన్పుల నర్సు. పోయిన వానాకాలం కౌతాళం అవతల ఊరికి పిలుపొస్తే, బస్సు దిగి రేగడి బురదలో నడిచింది. చేరేసరికి బిడ్డ దక్కలేదు. ఈ బండి కొనడం అందుకే. జయన్న నడపాలి, ఆమె సంచి పట్టుకొని వెనక కూర్చోవాలి.

"రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి రా జయన్నా," అన్నాడు బాషా.

"రోడ్డు మీద ఏదైనా పోతుంది బాషన్నా," అంది మరియమ్మ. "ఎద్దుల్ని సంతలో నడిపించి కొంటారా? సక్రాలు తిరక్కుండా కట్టేసి బండి లాగిస్తారు గదా. వీటిని రేగడిలో దింపు."

బాషా పడీపడీ నవ్వాడు. "అక్కా, ఇవి గడ్డి తినే జాతి కాదు."

"తాగే జాతి గదా. తాగేదాన్ని ఇంకా గట్టిగా సూసుకోవాల."

చుట్టూ చేరినవాళ్లు కూడా నవ్వారు. జయన్నకి తల కొట్టేసినట్టయింది. మోటారు సైకిల్‌ని ఎద్దులా పరీక్ష పెట్టినవాళ్లు ఆదోనిలో ఇంతవరకు లేరు. అయినా కాదనలేకపోయాడు. బిడ్డ దక్కని ఆ ఊరి నుంచి ఆమె తిరిగొచ్చిన రోజు అతనికి గుర్తుంది.

కౌతాళం దారిలో, ముందురోజు వాన పడిన చేలో పెద్ద బండిని దింపారు. కొంత దూరం పోయింది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి గట్టిపడి చక్రం తిరగడం మానేసింది. బండి పక్కకు ఒరిగి పడింది. జయన్న, బాషా చెరోవైపు పట్టి, రొప్పుతూ లేపారు.

"బర్మాలో పడితే ఎవరు లేపేవాళ్లు జయన్నా?" అన్నాడు బాషా.

"ఆడ పటాలం ఉండె."

"ఈడ నేనొక్కదాన్నే ఉండేది," అంది మరియమ్మ.

తర్వాత చిన్నది. అదీ ఇంకాస్త దూరం పోయి ఆగింది. జయన్నకి ప్రాణం లేచొచ్చింది. "సూడు, ఇదీ అంతే!"

మరియమ్మ సంచి గట్టు మీద పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపింది. బండిని తానే పక్కకు పడుకోబెట్టింది. కర్రపుల్లతో మడ్‌గార్డు కింద మట్టి గీకేసింది. హ్యాండిల్ పట్టి ఒక్క ఊపున నిలబెట్టి గట్టుకు తోసుకొచ్చింది. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

"రేగడిలో ఇరుక్కోని బండి యాడా లేదప్పా. నువ్వు నడిపేటోనివి, నీకేమన్నా అయితే నేను లేపాల. లేపగలిగేదే నాకు కావాల."

జయన్న తువ్వాలు తీసి పెద్ద బండి ట్యాంకు మీద బురద తుడిచాడు. అది అయ్యాక అన్నాడు: "బాషా, చిన్నదానికి పెట్రోలు పొయ్."

శ్రావణంలో కౌతాళం అవతలి నుంచి మళ్లీ పిలుపొచ్చింది. దారిలో బండి రెండుసార్లు ఇరుక్కుంది. ఒకసారి జయన్న కాలు జారి బోర్లా పడితే, అతను లేచేలోపు మరియమ్మ బండిని లేపేసింది. ఊరు చేరి, సంచి తీసుకొని లోపలికి పోయింది. చాలాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది.

బిడ్డ తాత తిక్కయ్య కళ్లు తుడుచుకొని బయటికొచ్చాడు. బురద కొట్టుకున్న బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంత పొట్టి బండా! దీనికి ఎన్ని గుర్రాల బలమప్పా?"

జయన్న పుల్ల విరిచి మట్టి గీకుతున్నాడు.

"గుర్రాలు తక్కువే పెద్దాయనా. లోపల ఉండే ఆమె బలం కూడా కలిపి సెప్పుకో. దీన్ని ఎంచింది ఆమే."