ముప్పై నాలుగు గింజలు

నేను ఒక కొయ్య గిన్నెను. మేపుల్ చెట్టు బుడిపెను తొలిచి ఒబదయా ఫెన్ నన్ను చేశాడు. గంజి తాగడానికి చేశాడు. నాలో ఓట్లు వేస్తారనుకోలేదు.

మసాచుసెట్స్‌లో అదొక చిన్న ఊరు. ఏలేది ఇంగ్లండు రాజు. అయినా ఊరి సంగతులు ఊరివాళ్ళే సభలో తేల్చుకునేవారు. ఊరివాళ్ళంటే పొలమున్న మగవాళ్ళు. ఫెన్ వడ్రంగి. సభామందిరం దూలాలు, తలుపులు, బల్లలు అన్నీ అతని చేతివే. పొలం లేదు కనుక ఓటు లేదు. చివరి బల్ల మీద కూర్చుని వినవచ్చు. పన్ను మాత్రం అందరితోపాటు కట్టాలి.

ఒక మార్చి నెలలో, పొలం లేకపోయినా పన్ను కట్టే ఇంటి యజమానికి ఓటివ్వాలా అన్న మాట సభకు వచ్చింది.

"ఈసారీ కాదంటే ఇక్కడ ఉండేది లేదు," అంది ఫెన్ భార్య మెర్సీ. "నువ్వు కట్టిన గోడల మధ్య నిన్నే నోరు మూసుకోమంటారా? బండి కట్టెయ్."

సభకు గిన్నె కావాలంటే ఆమే నన్ను ఇచ్చి పంపింది.

అవునంటే మొక్కజొన్న గింజ, కాదంటే చిక్కుడు గింజ. మూసిన పిడికిలి నాలో పెట్టి వదలాలి. పక్కవాడికి కనిపించదు. నాకు తెలుస్తుంది. మొక్కజొన్న గీరుతుంది, చిక్కుడు జారుతుంది.

పొద్దున గుమ్మంలో ఫెన్ భుజం తట్టి, "మా ఓటు నీకేనయ్యా, దిగులు పడకు," అన్నవాళ్ళ చేతుల్లో నాలుగు చిక్కుడే జార్చాయి. పిండిమర సైలస్ మాత్రం మొహం మీదే అన్నాడు: "ఏమయ్యా ఫెన్, మేం కూర్చునే బల్లలు చేశావు, బాగుంది. ఇక మా నెత్తినే కూర్చుంటావా?" అందరూ నవ్వారు. ఆ నలుగురికన్నా వాడే నయం.

ఓటున్న చివరివాడు నన్ను ముందుకు పంపాలి. కునికిపాట్లు పడుతూ వెనక్కి అందించాడు. ఫెన్ చేతిలో పడ్డాను. అతని పిడికిట్లో ఒక మొక్కజొన్న గింజ ఉంది. ఎందుకు తెచ్చుకున్నాడో. పిడికిలి నా అంచు దాటి లోపలికి వచ్చింది. ఎవరూ చూడడం లేదు. తెరుచుకోకుండానే వెనక్కి పోయింది.

సభ నడిపే చర్చి పెద్ద, డీకన్ జోనాస్ పెల్, గింజలు వేరు చేశాడు. మొక్కజొన్నలు పదిహేడు. చిక్కుళ్ళు పదిహేడు.

"సమానమైతే పాత పద్ధతే," అన్నాడు. తలలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక గింజ ఎక్కువ పడినా తెలిసేది కాదు.

ఇంటికొచ్చి ఫెన్ లెక్క చెప్పి పిడికిలి విప్పాడు. మెర్సీ ఆ గింజను చూసింది.

"ఇది వేసుంటే నెగ్గేవాడివి!"

"నాకు లేని ఓటు ఎట్లా వేస్తాను?"

"ఉన్నవాళ్ళు వేసిన తీరు చూశావుగా! ఆ గిన్నె ఇక్కడే పారెయ్. దాంట్లో గంజి నాకు దిగదు."

తెల్లవారి వాళ్ళ బండి వెళ్ళిపోయింది. ఖాళీ ఇంట్లోంచి పెల్ నన్ను సభకు తీసుకుపోయాడు. తొమ్మిదేళ్ళకు మళ్ళీ అదే మాట వచ్చింది. ఈసారి మొక్కజొన్న గెలిచింది. మెర్సీలాంటి వాళ్ళ ఓటు సంగతి అప్పుడూ ఎవరికీ తట్టలేదు. "మన ఊరు మొదటినుంచీ అందరిదీ," అన్నాడు పెల్.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. సమానత్వానికి గుర్తునట. నాకు కుదురు లేదు. భుజం తట్టిన ఆ నలుగురెవరో పేరుపేరునా చెప్పగలను. చెప్పనక్కర్లేదు. ఊళ్ళో పెద్ద వీధులకు ఉన్నవి ఆ పేర్లే.