మెడ మీద నలుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. కుట్టుమిషన్ ముందు అమ్మ, కిటికీ పక్క మంచం మీద నాన్నమ్మ, నిన్ననే సంచులతో దిగిన పెద్దత్త, వీపు గోడకు ఆనించి నిలబడ్డ చిట్టి. పదమూడేళ్లకే అమ్మ బట్టలు బిగుతైపోయిన పిల్లకి ఆ ముద్దుపేరు. బడిలోనూ అదే పేరు. హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీలో ఎవరో ఒకరు "ఇదా చిట్టి?" అనేవాళ్లు.

పెద్దత్త ఒక చేతిలో నిమ్మచెక్క, ఇంకో చేతిలో గరుకురాయి. సాయంత్రం అందరూ కలిసి స్టూడియోలో ఫొటో దిగాలి. ఈలోగా పిల్ల మెడ తెల్లబడాలి.

"రావే, అయిదు నిమిషాల పని. మెడ చుట్టూ ఆ మురికేంటే?"

"మురికి కాదత్తా."

"మరేంటి, కాటుకా?"

నాన్నమ్మ కూతురి వైపు చూసి కిసుక్కున నవ్వింది. "చిన్నప్పుడు స్నానమంటే నువ్వు గోడ దూకి పారిపోయేదానివి. నీ మెడకి పట్టలేదేం ఆ మురికి?"

"అమ్మా, నువ్వూరుకో!" అంది పెద్దత్త.

రెండేళ్లుగా ఇదే తంతు. సబ్బు, పీచు, రాయి. కిందటి నెల రక్తం కూడా వచ్చింది. ఇక రుద్దలేక అమ్మ తనకొచ్చిన విద్యే వాడింది. చిట్టి గౌన్లన్నిటికీ చెవుల దాకా కాలర్లు కుట్టింది. మండే ఎండల్లోనూ అవే. ఎవరైనా అడిగితే కొత్త ఫ్యాషనని చెప్పేది.

సోమవారం బడిలో బరువులు చూసిన నర్సు ఆ కాలర్ పక్కకి జరిపింది. "ఇది రుద్దితే పోదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం ఇలా నల్లగా, మందంగా అవుతుంది. నీ తప్పేం లేదు. రక్తంలో చక్కెర ఎంతుందో చూద్దాం. పరగడుపున రా, అమ్మ సంతకం తీసుకురా" అని కాగితం ఇచ్చింది. నర్సు ఈరోజు పొద్దున తొమ్మిదింటి దాకే బడిలో ఉంటుంది.

చిట్టి ఎప్పుడూ నోరెత్తే పిల్ల కాదు. ఇప్పుడు మిషన్ మీద కాగితం పెట్టి, పక్కనున్న బ్లేడు తీసుకుని, ఒంటిమీది గౌను కాలర్ కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది.

"అయ్యో, అది నేను కుట్టిందే!" అంది అమ్మ.

"అందుకే జాగ్రత్తగా విప్పుతున్నా."

కాలర్ ఊడి వచ్చింది. నల్లటి మడతలూ, వాటి మీద గీరుకుపోయిన ఎర్రటి గాట్లూ బయటపడ్డాయి. కాగితం చదివి తలెత్తిన అమ్మ చూపు ఆ గాట్ల దగ్గరే ఆగిపోయింది.

"రుద్దితే పోదా?"

"పోదంట."

"మరి నేనిన్నాళ్లూ..." అమ్మ వేళ్లకంటిన సుద్ద చీరకి తుడుచుకుని కలం తీసుకుంది.

"మరదలా, ఆలోచించు! పిల్లకి ఏదో రోగమని నలుగురికీ తెలిస్తే?"

"తెలియనీ వదినా," అంటూనే అమ్మ సంతకం గీకేసింది.

పెద్దత్త చిట్టి వైపు తిరిగింది. "అలాగే వీధిలోకి పోతావా? ఆ మెడేసుకుని?"

"నాకింకో మెడ లేదు కదత్తా. సాయంత్రం ఫొటోలోనూ ఇదే ఉంటుంది. ముందు వరసలో నిలబడతా."

"నువ్వుంటే నేను ఫొటో దిగను!"

"నీ ఇష్టం."

చిట్టి కాగితం మడిచి పట్టుకుని గడప దాటింది. చెప్పుల్లో కాళ్లు దూర్చేలోపే పెద్దత్త విసురుగా వచ్చి, చిట్టి వెనక ధడాలున తలుపు వేసేసింది.