మూయని మైకు

రొట్టెలాయన వేడిపెట్టె తలుపు తీశాడు. సెగ మొహానికి కొడితే కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. లోపల ఒకే ఒక్క టేపు చుట్ట. పాత టేపులు చెమ్మకు జిగురెక్కిపోతాయి. ఇలా సన్నటి వేడిలో ఉంచితే ఒక్కసారి పలుకుతాయి, తరువాత వాటి మీద ధ్వనిని పట్టి ఉంచే పొడి రాలిపోతుంది. ఆ ఒక్కసారిలోనే కంప్యూటరులోకి ఎక్కించాలి. ఈ కాల్చే పని వల్లే ఆయనకా పేరు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరికీ గుర్తులేదు.

పొట్టి మనిషి. కుడి చూపుడువేలి గోరు టేపు రాపిడికి అరిగిపోయింది. రేడియో స్టేషను నేలమాళిగలో ముప్ఫై ఎనిమిదేళ్ల నౌకరీ. మొదటి పదేళ్లు దాచడం కాదు, చెరపడమే పని. కొత్త టేపులకు కరువొచ్చి, పాతవి చెరిపి వాడమన్నారు. పైవాళ్లు జాబితా ఇచ్చేవారు, ఈయన చెరిపేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అవే చేతులతో ఇప్పుడు మిగిలినవి కాపాడుతున్నాడు.

ఒక జాబితాలో ఆయన భార్య చదివిన పిల్లల కథ కూడా ఉంది. ఆవిడ రేడియోలో చదివింది అదొక్కటే. "ఊళ్లోవాళ్లవన్నీ చెరిపారు సరే, ఇంట్లోదాని గొంతు కూడానా!" అని నవ్వేసింది. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ పోయి పదకొండేళ్లు. ఇంట్లో ఫొటోలున్నాయి, గొంతు లేదు.

నిన్న, మిగిలిన టేపులకు జాబితా రాసే ఆవిడ ఒక డబ్బా తెచ్చింది. "అన్నయ్యా, పైన వాతావరణం అనుంది. లోపల చీటీలో పిల్లల కథ అనుందేంటి?"

చీటీ మీద తన భార్య కథ చదివిన నాటి తేదీ చూసి ఆయన కూర్చుండిపోయాడు. చెరిపిన నాడు డబ్బాలు తారుమారయ్యాయేమో. కథ అనుకుని వాన కబుర్లు చెరిపాడేమో.

"వింటేగానీ తెలీదమ్మా," అన్నాడు.

టేపును యంత్రానికెక్కించి, రికార్డు మీట నొక్కి, మైకులో నంబరు చెప్పాలి. వెంటనే మైకు మూసెయ్యాలి. లేకపోతే గదిలో దగ్గినా కాపీలోకెక్కుతుంది, ఆ కాపీ పారేయాల్సిందే. ఈ సంగతి మీద ఆయన తిట్టని మనిషి ఆ నేలమాళిగలో లేడు.

"నాలుగు వేల పన్నెండు," అన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"పిల్లలూ, అల్లరి ఆపి ఇటు వినండి," అంది టేపులోంచి ఆయన భార్య.

ఆయన చెయ్యి మైకు మీట దాకా వెళ్లలేదు.

భోజనాలయ్యాక జాబితా ఆవిడ వచ్చేసరికి టేపు అయిపోయి, దాని కొస చక్రం మీద టపటపా కొట్టుకుంటోంది. ఆయన హెడ్‌ఫోన్లతోనే తల వాల్చుకుని ఉన్నాడు. పిలిచింది. భుజం తట్టింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

మూడో రోజున ఆవిడ ఆ కాపీ విన్నది. కథ సాగుతోంది. దాని వెనక ఆయన గొంతు, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు: "ఉన్నావా? నేనే చెరిపేశాననుకున్నానే... ఇన్నేళ్లూ." కాసేపటికి, "కొంచెం మెల్లిగా చదవవే, అయిపోతుంది." ఆ తరువాత కథ ఒక్కటే వినిపించింది.

నిబంధన ప్రకారం ఆ కాపీ పారేసి మళ్లీ తీయాలి. టేపు మీది పొడంతా యంత్రం కింద రాలి ఉంది. ఆవిడ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, జాబితా పత్రంలో 'గొంతులు' అన్నచోట రెండు అని వేసింది. హాజరు పుస్తకం తెప్పించి చూసి, ఆయన అసలు పేరు రాసింది.

డబ్బా అలమరలోకి వెళ్లిపోయింది. దాని మీద, ఆయన గుండ్రటి చేతిరాతలో, ఇంకా 'వాతావరణం' అనే ఉంది.